వకాల్తా పుచ్చుకునే ముందు

నాయనా, నల్లకోటు కొత్తగా తొడిగావు. ఇస్త్రీ మడతలింకా విడలేదు. కోటు పాతబడ్డాక హితవు చెవికెక్కదు గనుక ఈ నాలుగు మాటలూ ఇప్పుడే చెబుతున్నాను.

ఏదో ఒక సాయంత్రం నీ ఆఫీసు గుమ్మంలో ఒక మనిషి నిలబడతాడు. చంకలో సంచి, సంచిలో పోస్టులో వచ్చిన కవరు. ఊరి చెరువులోకి ఏ కార్ఖానా మురికి దిగుతోందో కరపత్రం వేసి పంచినవాడు కావచ్చు. కొలువిచ్చిన పెద్దమనిషి తనతో ఎలా ప్రవర్తించాడో ఏళ్ల తర్వాత నోరు విప్పి చెప్పిన ఆడకూతురు కావచ్చు. కవరులోది లాయరు నోటీసు. ఏడు రోజుల్లో బేషరతుగా క్షమాపణ చెప్పాలి, లేనిపక్షంలో ఇన్ని కోట్లకు పరువు నష్టం దావా, దానికి తోడు క్రిమినల్ కేసు. ఆ కోట్లలో సున్నాలెన్నో ఆ మనిషి రాత్రంతా లెక్కపెట్టుకునే ఉంటాడు. కూర్చోమన్నా కూర్చోడు. "నన్ను జైల్లో పెడతారాండీ?" అని మాత్రం అడుగుతాడు.

నువ్వు చెప్పబోయే జవాబు కోసం ఆ మనిషి వెనక ఊరంతా చెవి ఒగ్గి ఉంటుంది. ఇతడికేమవుతుందో చూసి, రేపు తాము నోరు తెరవాలా మూసుకోవాలా తేల్చుకుంటారు. కాబట్టి తొందరపడి ధైర్యం చెప్పకు. తొందరపడి భయపెట్టకు.

అవతలివాడి పరువును తేలిగ్గా తీసెయ్యకు. ఊళ్ళో ఎవడో విసిరిన మాట రాచనగరు దాకా పాకి, నిండు చూలాలిని అడవి పాలు చేసిన కథ వింటూ పెరిగినవాళ్ళం మనం; మాటలో ఎంత విషముంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. 2016 మే 13న సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు, పరువు కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పి, పరువు నష్టాన్ని నేరంగా చూసే సెక్షన్లను నిలబెట్టింది. ఆ తీర్పులో మొదటి మాటతో నాకు పేచీ లేదు, రెండోదానితో ఉంది. మాటకు జైలుతో బదులు చెప్పడం 1860లో దొరలు రాసిన శిక్షాస్మృతి నాటి బుద్ధి. అదే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షనుగా పేరు మార్చుకుని 2024 జూలై 1 నుంచి మన ఇంట్లోనే కాపురముంది: రెండేళ్ల దాకా సాధారణ ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా కొత్తగా చేరిన సమాజసేవ. నాకు పేచీ ఉన్నంత మాత్రాన అది చట్టం కాకుండా పోదు. చట్టాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే గుమ్మంలో మనిషికి ఒరిగేదేమిటి?

పరువు కూలికీ ఉంది, కామందుకూ ఉంది. దావా మాత్రం కామందుకే ఉంది. దొంగతనం అంటగట్టి పదిమందిలో నిలబెట్టిన కూలివాడు పరువు నష్టం దావా వేయగా నేనెన్నడూ చూడలేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, ఈ చట్టం ఎవరి చేతిలో కర్రయిందో, ఎవరి వీపు మీద పడుతోందో నీకే తెలుస్తుంది.

వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన పెద్దలు అన్నారు. ఆ సామెత చెప్పినవాళ్ళు ఊహించని దావా ఒకటుంది. అందులో వాది ఏడవడు. గెలిచినా ఓడినా వాడికి ఒకటే. ఎదుటివాడు వాయిదాలకు తిరగడమే వాడికి ఫలం. బస్సు చార్జీలు, పోయిన కూలి, ఇంట్లో భార్య అడిగే ప్రశ్నలు, పిల్లవాడి ఫీజుకు దాచిన డబ్బు ఫైలు ఖర్చులకు పోవడం, ఇవన్నీ కలిపి తీర్పు రాకముందే శిక్ష అమలైపోతుంది. అమెరికాలో డెన్వర్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ప్రింగ్, పెనెలొపీ కానన్ ఇలాంటి కేసుల్ని పరిశీలించి వాటికి స్లాప్ అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఆ పొడి అక్షరాలు కలిపి పలికితే చెంపదెబ్బ అని అర్థం వస్తుంది. పేరు సరిగ్గానే కుదిరింది.

ఇక లండన్‌లో జరిగిన ఒక కేసు సంగతి చెబుతాను. కాస్త నిదానంగా విను, ఇందులో నీకు కావలసింది చాలా ఉంది.

1986లో లండన్ గ్రీన్‌పీస్ అనే చిన్న బృందం మెక్‌డొనాల్డ్స్‌లో ఏం తప్పు జరుగుతోందో చెబుతూ ఒక కరపత్రం వేసింది. పేరు ఒకేలా ఉన్నా అంతర్జాతీయ గ్రీన్‌పీస్‌కూ దీనికీ సంబంధం లేదు. 1990లో కంపెనీ అయిదుగురి మీద దావా వేసింది. ముగ్గురు క్షమాపణ చెప్పి బయటపడ్డారు. వాళ్ళను నిందించకు, ఇంటి పరిస్థితి ఎవరిది వాళ్ళకే తెలుసు. ఇద్దరు మిగిలారు, హెలెన్ స్టీల్, డేవ్ మోరిస్. ఆమె బారులో పార్ట్‌టైము పని చేసినప్పుడు వారానికి వచ్చేది సుమారు 65 పౌండ్లు. ఆయన ఒకప్పటి పోస్టల్ ఉద్యోగి, అప్పటికి పని లేదు. విచారణ మొదలయ్యేనాటికి నాలుగేళ్ళ కొడుకును ఒంటిచేత్తో పెంచుతున్నాడు. ఇంగ్లండులో అప్పట్లో ఎన్నో కేసులకు పేదవాళ్ళకు సర్కారు ఖర్చుతో లాయరునిచ్చేవారు. పరువు నష్టం కేసులకు ఇచ్చేవారు కాదు. పైగా అప్పటి అక్కడి చట్టం ప్రకారం, అన్నమాట నిజమని నిరూపించే బరువంతా అన్నవాడిదే. వాది తనకు నష్టమెంత జరిగిందో కూడా చూపనక్కర్లేకపోయింది. శాస్త్రీయమైన సాక్ష్యం జూరీకి అర్థం కాదని జూరీ కూడా వద్దన్నారు.

అలా ఒక పక్క పేరుమోసిన క్వీన్స్ కౌన్సెల్, ఆయన వెనక లాయర్ల దండు. మరో పక్క నల్లకోటు ఎరగని ఇద్దరు మనుషులు. 1994 జూన్‌లో మొదలై 1996 డిసెంబరులో ముగిసిన ఆ విచారణ 313 రోజులు నడిచింది. నూట ముప్పై మంది దాకా బోనెక్కి సాక్ష్యం చెప్పారు. కాగితాలు నలభై వేల పుటలు. క్రాస్ ఎగ్జామినేషన్ ఎలా చేయాలో ఆ ఇద్దరూ సాక్షిని అడుగుతూ అడుగుతూనే నేర్చుకున్నారు.

1997 జూన్ 19న జడ్జి రోజర్ బెల్ తీర్పు చదివారు. ఆకలి చావులకు, వర్షారణ్యాల నరికివేతకు కంపెనీని బాధ్యురాలిని చేసిన మాటలు నిలవలేదు. కాని ప్రకటనలతో పసిపిల్లలను వాడుకుంటున్నారన్నది నిజమన్నారు. కొన్ని జంతువుల పట్ల క్రూరత్వానికి బాధ్యత ఉందన్నది నిజమన్నారు. తక్కువ జీతాలిచ్చి ఆ వృత్తిలో అందరి కూలినీ దిగలాగుతున్నారన్నదీ నిజమన్నారు. నిలవని మాటలకు 60,000 పౌండ్ల నష్టపరిహారం వేశారు. 1999లో అప్పీలు కోర్టు దాన్ని 40,000కు తగ్గించింది. ఆ ఇద్దరూ పైసా కట్టలేదు, కంపెనీ వసూలు చేయనూ లేదు. తీర్పు వచ్చిన రెండో రోజే మళ్ళీ కరపత్రాలు పట్టుకుని దుకాణాల ముందు నిలబడ్డారు.

కథ అక్కడ ఆగలేదు. వాళ్ళు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్ళారు. ఈసారి ఎదుటివాడు కంపెనీ కాదు, బ్రిటన్ ప్రభుత్వం. ఇంత బరువైన కేసులో లాయరును ఇవ్వకుండా వదిలేయడం న్యాయవిచారణ హక్కునూ వాక్ స్వాతంత్ర్యాన్నీ కాలరాసినట్టేనని 2005 ఫిబ్రవరి 15న ఆ కోర్టు తేల్చింది. స్టీల్‌కు 20,000 యూరోలు, మోరిస్‌కు 15,000 యూరోలు ఇమ్మంది. చిన్నచిన్న బృందాలు ప్రజా విషయాల మీద మాట్లాడగలిగే వీలుండటం సమాజానికి అవసరమని కూడా చెప్పింది.

ఈ కేసులో నువ్వు గుర్తుంచుకోవలసిన మనిషి ఇంకొకడున్నాడు. కోర్టులో వాళ్ళ తరఫున నిలబడటానికి ఎవరికీ ఫీజివ్వలేని ఆ ఇద్దరికి ఏళ్ల తరబడి ఉచితంగా సలహా చెప్పి, స్ట్రాస్‌బర్గ్‌లో వాళ్ళ పక్షాన వాదించిన యువ బారిస్టరు. పేరు కీర్ స్టార్మర్. 2024లో ఆయన బ్రిటన్ ప్రధాని అయ్యారు. ఆయన రాజకీయం నీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు, నాకు దానితో పనిలేదు. ఏ ఫలం ఆశించి ఆయన ఆ పని మొదలుపెట్టాడో ఆలోచించు. తొంభైలలో ఆ ఫైలులో పదవి కనిపించే వీలు ఎక్కడుంది?

ఇంకో విచిత్రం కూడా చెప్పి ముందుకు పోతాను. ఆ బృందంలోకి కంపెనీ డబ్బిచ్చి మరీ గూఢచారుల్ని పంపింది. వాళ్ళు సభ్యుల్లా కూర్చుని చాయ్ తాగారు, ఉత్తరాలకు కవర్లు అంటించారు. చాలదన్నట్టు, ఆ కరపత్రం రాయడంలో మారుపేరుతో దూరిన ఒక రహస్య పోలీసు అధికారి చెయ్యి కూడా ఉందని 2013లో బయటపడింది. నీ కక్షిదారు పక్కన కూర్చున్న ప్రతివాడినీ అనుమానించమని చెప్పడం లేదు. ఎదుటివాళ్ళు ఎంత దూరం పోతారో తెలుసుకుని ఉండమంటున్నాను.

సరే, మన నేల మీదకు వద్దాం. వచ్చిన మనిషికి ముందు ఈ మాట చెప్పు: పరువు నష్టం బెయిలు దొరికే నేరం, పోలీసు తనంతట తాను వచ్చి అరెస్టు చేసే నేరం కాదు. పరువు పోయిందన్నవాడు మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లైంట్ వేసుకోవాలి. కొత్త నాగరిక సురక్షా సంహిత 223వ సెక్షను ప్రకారం మేజిస్ట్రేటు దాన్ని విచారణకు స్వీకరించే ముందే నిందితుడి మాట వినాలి. ఆ అవకాశాన్ని వాయిదా అడగడానికి తగలెయ్యకు. ఉత్త చేతులతో పోకుండా కాగితాలతో పో. సమన్లు ఇచ్చేటప్పుడు ఆచితూచి ఇవ్వాలని స్వామి తీర్పులోనే సుప్రీంకోర్టు మేజిస్ట్రేట్లకు చెప్పింది. నాకు పేచీ ఉన్న తీర్పులోనే నీకు పనికొచ్చే వాక్యం దొరికింది చూశావా? సివిల్ దావా అయితే, మాట బయటికి వచ్చిన నాటి నుంచి ఒక్క ఏడాదిలోపు వేయాలి. ముందు తేదీలు చూడు, కోపాలు తర్వాత.

తర్వాత నిజం సంగతి. చాలామంది లాయర్లకే ఇక్కడ తికమక. సివిల్ దావాలో మాట నిజమైతే చాలు, అదే కవచం. క్రిమినల్ కేసులో ఉత్త నిజం చాలదు. అది లోకహితం కోసం అన్న మాటై ఉండాలి. 356లో ఇలాంటి మినహాయింపులు పది ఉన్నాయి. ప్రభుత్వోద్యోగి పనితీరు మీద సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయానికి ఒకటి, నలుగురి మేలు కోరి సద్బుద్ధితో చేసిన ఆరోపణకు ఒకటి. సద్బుద్ధి అంటే మనసు మంచిదైతే చాలనుకోకు. చట్టం దృష్టిలో తగినంత జాగ్రత్త, తగినంత విచారణ లేనిది సద్బుద్ధి కాదు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత కోర్టు గుమ్మం దాటదు. నిప్పు చూపమంటారు.

అందుకని ఉద్యమకారుడికి నువ్వు ముందుగా నేర్పాల్సింది ధైర్యం కాదు. అది అతని దగ్గర నీకన్నా ఎక్కువే ఉంటుంది. లెక్క నేర్పు. 1960లో మార్టిన్ లూథర్ కింగ్‌కు మద్దతుగా న్యూయార్క్ టైమ్స్‌లో ఒక ప్రకటన వచ్చింది. నాలుగుసార్లు అరెస్టయిన మనిషి ఏడుసార్లు అరెస్టయ్యాడని అందులో రాశారు. విద్యార్థులు పాడిన పాట ఒకటైతే మరో పాట అని రాశారు. ఈ చిన్న పొరపాట్లను పట్టుకుని మాంట్‌గొమరీ నగర కమిషనరు సలివన్ దావా వేస్తే, అలబామా జూరీ అయిదు లక్షల డాలర్లు ఇమ్మంది. పత్రికతో పాటు నలుగురు నల్లజాతి పాస్టర్ల మీదా ఆ భారం పడింది. తమ పేర్లు ఆ ప్రకటనలో ఉన్నాయనే వాళ్ళకు తెలియదు. అయినా వాళ్ళ కార్లు జప్తయ్యాయి. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసి, అధికారుల మీద చేసే విమర్శలో దొర్లే తప్పులను, అబద్ధమని తెలిసి గానీ నిజానిజాలు లెక్కచేయకుండా గానీ అంటే తప్ప, శిక్షించరాదని చెప్పింది. 1994లో రాజగోపాల్ కేసులో, అంటే ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక అచ్చువేయడం మీద వచ్చిన కేసులో, మన సుప్రీంకోర్టు కూడా ఆ దారిలోనే నడిచింది. అధికారుల విధి నిర్వహణ గురించి రాసేవాడికి ఆ ఊపిరి ఇచ్చింది. ప్రభుత్వ సంస్థలు తమ పరువు పోయిందని దావా వేయలేవంది. బాగుంది. అయినా ఆ నలుగురి కార్లను తలుచుకో. పై కోర్టులో గెలుపు వచ్చేదాకా కింద ఎవడో ఒకడు మోయాలి. నాలుగును నాలుగని రాసి ఉంటే, దావాకు దారి అంత సులువుగా దొరికేది కాదేమో.

ఇక ఇంజంక్షన్ సంగతి. ఒడిశాలో టాటాల భాగస్వామ్యంతో ధామ్రా ఓడరేవు కడుతున్న రోజుల్లో, గహీర్‌మథా తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు ముప్పని గ్రీన్‌పీస్ ఒక వీడియో ఆట తయారుచేసింది. అందులో తాబేలును తరిమే భూతానికి టాటా గుర్తు తగిలించారు. టాటా సన్స్ పది కోట్లకు దావా వేసి, ఆటను ఆపించమని ఢిల్లీ హైకోర్టును అడిగింది. 2011 జనవరి 28న జస్టిస్ రవీంద్ర భట్ ఆ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వనన్నారు. ప్రజలకు సంబంధించిన విషయం మీద వ్యంగ్యాన్ని, విచారణ ముగియకముందే నోరు మూయించి ఆపడం తగదన్నది అందులోని సారం. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ వివాదంలో సుప్రీంకోర్టు కూడా, ఎదుటివాడి మాట సరిగా వినకుండా ఆదరాబాదరాగా ఇచ్చే ఇంజంక్షన్ మరణశిక్ష లాంటిదని కింది కోర్టులను హెచ్చరించింది. ఇంజంక్షన్ పిటిషన్ వచ్చిన రోజున ఈ రెండు తీర్పులూ నీ బల్ల మీద ఉండాలి.

ఇక నోరు విప్పిన ఆడకూతురి సంగతి. 2018 అక్టోబరులో జర్నలిస్టు ప్రియా రమణి, ఎప్పుడో ఉద్యోగం కోసం వెళ్ళిననాడు తనకెదురైన అనుభవం గురించి రాస్తూ ఎం.జె. అక్బర్ పేరు చెప్పారు. ఆమె రాసేనాటికి ఆయన కేంద్రంలో సహాయ మంత్రి. ఆయన ఆరోపణను ఖండించి క్రిమినల్ కేసు వేశారు. ఆమె చెప్పిన అనుభవం 1993 నాటిది. కెమెరా లేదు, కాగితం లేదు. కాని ఆ రాత్రే ఆమె ఒక స్నేహితురాలికి చెప్పుకున్నారు. పాతికేళ్ల తర్వాత ఆ స్నేహితురాలు బోనెక్కి ఆ మాట చెప్పారు. సీనియర్ అడ్వకేట్ రెబెక్కా జాన్ రమణి తరఫున వాదించారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు రమణిని నిర్దోషి అంది. ఒకరి పరువు హక్కును కాపాడటానికి మరొకరి గౌరవంగా బతికే హక్కును బలిపెట్టరాదనీ, స్త్రీ తన బాధను ఎన్నేళ్ళకైనా, తనకు నచ్చిన వేదిక మీద చెప్పుకోవచ్చనీ ఆ తీర్పు. అందులో జడ్జి రామాయణ భారతాలను కూడా తలచుకున్నారు. అక్బర్ హైకోర్టుకు అప్పీలు వెళ్ళారు. నీ దగ్గరికి ఇలాంటి స్త్రీ వచ్చినప్పుడు, రుజువేదని ముందుగా గద్దించకు. ఆ రాత్రి ఎవరితో చెప్పుకున్నావమ్మా అని అడుగు.

అందరూ గెలవరు. నర్మదా ఉద్యమం నడిపిన మేధా పాట్కర్ మీద, ఆమె 2000లో విడుదల చేసిన ఒక పత్రికా ప్రకటనకు గాను 2001లో వేసిన కేసు 2024లో తీర్పుకు వచ్చింది. ఆమెకు శిక్ష పడింది. పై కోర్టులు దోషిత్వాన్ని నిలబెట్టి, జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదిలాయి. ఒక్క ప్రకటనకు ఇరవై మూడేళ్ళు! ఆ ఏళ్లు చూసి నిట్టూర్చు, తప్పులేదు. ఆ తర్వాత, ఎదుటి మనిషి గురించి తాను అన్న ప్రతి మాటకూ ఉద్యమకారుడు జవాబుదారీ అన్న సంగతి కూడా ఆ తీర్పులో చదువు. పెద్ద ధర్మం కోసం పోరాడుతున్నాం కదా అని చిన్న నిజాన్ని పక్కకు తోసేవాడిని ఏ లాయరూ కాపాడలేడు. అవతలివాడి పనిని విమర్శించమను, వాడి పుట్టుకనూ మనసునూ కాదు. చూసింది చూసినట్టు, విన్నది ఎవరి నోట విన్నాడో ఆ పేరుతో, ఊహించింది ఊహ అని ఒప్పుకుని చెప్పమను.

ఇంకొకటుంది, చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. రేపు కంపెనీవాళ్ళు నీ దగ్గరికే వస్తారు. ఫీజు పెద్దది, నోటీసు చిన్నది. అవతల ఉన్నది ఒక పంతులో, ఒక రైతో. ఆ నోటీసు రాయవద్దని శాసించను. పరువు నిజంగా పోయినవాడికీ లాయరు కావాలి. కాని రాసే ముందు ఆ పెద్దమనిషిని ఒక్క ప్రశ్న అడుగు: "అతను చెప్పింది అబద్ధమా, లేక చెప్పడం మీకు కష్టంగా ఉందా?" ధృతరాష్ట్రుడికి విదురుడి మాట అబద్ధమని ఎన్నడూ తోచలేదు. వినడం కష్టమై, ఉంటే ఉండు పోతే పో అన్నాడు. విదురుడు కామ్యకవనానికి, పాండవుల దగ్గరికి వెళ్ళిపోయాక ఆ గుడ్డిరాజు నిలవలేక సంజయుణ్ణి పంపి మళ్ళీ పిలిపించుకున్నాడు. ఆ మాత్రం బుద్ధి మిగిలింది ఆయనకు. నీ క్లయింటుకూ ఎక్కడో మిగిలే ఉంటుంది, తట్టి లేపడం నీ వృత్తిలో భాగమే. మన రాజమహేంద్రవరపు వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి కచేరీల్లో లంచాలను ఎండగట్టిననాడు నొచ్చుకున్న పెద్దలు తక్కువేం కాదు. వాళ్ళ పేర్లు ఈనాడు ఎంతమందికి గుర్తున్నాయి?

ఆ మనిషి ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. కుర్చీ నువ్వే లాగి వెయ్యి. కవరు మీద పోస్టు ముద్ర చూసి తేదీ రాసుకో. నోటీసు పక్కన పెట్టి, అతను పంచిన కరపత్రం అసలు ప్రతి అడిగి తీసుకో. మొదటి వాక్యం కింద వేలుపెట్టి, "ఇది నీకెలా తెలుసు?" అని అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో. తర్వాత రెండో వాక్యం.